కాన్వెంటుకు ఐదు కిలోమీటర్లు పంపేవాళ్లు సర్కారు బడికి ఒక్క కిలోమీటరు పంపలేరా?

ఆంధ్రప్రదేశ్‌లో బడుల విలీనం మాట ఎత్తినప్పుడల్లా ఒక మెసేజ్ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది. ప్రైవేటు కాన్వెంటుకైతే ఐదు కిలోమీటర్లు పంపుతారు, సర్కారు బడికి కిలోమీటరు నడవమంటే మాత్రం గేటుకు తాళం వేసి ధర్నా చేస్తారు అని దాని సారాంశం. 2022 జూలైలో తిరిగింది. 2025 వేసవిలో మోడల్ ప్రైమరీ బడుల గొడవ మొదలయ్యాక మళ్లీ తిరిగింది. దానికి తోకలా మరో నాలుగైదు వాదనలు. చదవగానే నిజమే కదా అనిపిస్తుంది, అందుకే ఒక్కొక్కటి విప్పి చూడాలి.

ముందు ఏం జరిగిందో చెప్పుకుందాం. 2022 జూన్ 10న వచ్చిన జీవో 117తో ప్రాథమిక బడుల్లోని 3, 4, 5 తరగతులను కిలోమీటరు లోపున్న హైస్కూళ్లకు మ్యాపింగ్ చేశారు, అంటే ఆ తరగతుల పిల్లలను అక్కడికి మార్చారు. పాత బడిలో 1, 2 తరగతులు మిగిలాయి. జూలై 5న బడులు తెరిచేసరికి చాలా ఊళ్లలో తల్లిదండ్రులు రోడ్డెక్కారు. 2025 మేలో కొత్త ప్రభుత్వం ఆ జీవోను పక్కన పెట్టి తొమ్మిది రకాల బడులను తెచ్చింది. వాటిలో మోడల్ ప్రైమరీ అంటే తరగతికో టీచరు ఉండే బడి. దాని కోసం మళ్లీ కొన్ని బడుల పిల్లలను కదిలించారు.

ఇక మొదటి మాట, ఆ కాన్వెంటు పోలిక. కాన్వెంటు వ్యాను ఇంటి ముందుకొచ్చి హారన్ కొడుతుంది. పిల్లాడు గుమ్మం దిగి ఎక్కుతాడు, సాయంత్రం అదే గుమ్మం ముందు దిగుతాడు. దానికి నెలనెలా డబ్బు కట్టగలిగినవాళ్లు ఎప్పుడో వెళ్లిపోయారు. సర్కారు ప్రాథమిక బడిలో మిగిలింది ఎవరి పిల్లలు? నాట్ల రోజుల్లో పొద్దున ఆరున్నరకే కూలీల ఆటో ఎక్కి పొలానికి పోయే తల్లుల పిల్లలు. తొమ్మిదింటికి బడికి బయల్దేరేసరికి ఇంట్లో పెద్దవాళ్లు ఉండరు. నాలుగో తరగతి అక్క ఒకటో తరగతి తమ్ముడికి జడివానలో గొడుగు పట్టి, చెయ్యి పట్టుకుని తీసుకెళ్తుంది. అక్కను హైస్కూలుకు పంపి తమ్ముణ్ని పాత బడిలో ఉంచితే ఆ చెయ్యి ఎవరు పట్టుకోవాలి? విలీనం ఫైల్లో ఇద్దరూ వేర్వేరు తరగతుల అంకెలే. ధర్నాలో కూర్చున్న తల్లికి మాత్రం ఇద్దరూ ఒకే ఇంటి పిల్లలు. కాన్వెంటుకు పంపే తల్లి, ధర్నా చేసే తల్లి ఒకరే అన్నట్టు రాయడమే ఈ మెసేజ్‌లోని అసలు తిరకాసు.

"కిలోమీటరేగా" అనే మాటలో తిరకాసు ఇంకా పెద్దది, ఎందుకంటే అది అసలు కిలోమీటరు కాదు. మ్యాపింగ్‌లో కొలిచింది ఒక బడి నుంచి ఇంకో బడికి. పిల్లలు బయల్దేరేది ఇంటి నుంచి. పాత బడికి అవతలి పక్క అర కిలోమీటరు దూరంలో ఇల్లుంటే కొత్త బడికి కిలోమీటరున్నర. రానూ పోనూ మూడు. నడిచేది ఎనిమిదేళ్ల పిల్ల, వీపున సంచి. విద్యాహక్కు చట్టం కింద వచ్చిన నిబంధనలు 1 నుంచి 5 తరగతులకు బడి నడిచిపోయే దూరంలో, కిలోమీటరు లోపే ఉండాలంటాయి. అక్కడితో ఆగవు. వరద ముప్పు ఉన్నా, రోడ్డు లేకపోయినా, దారి పిల్లలకు ప్రమాదమైనా ఆ దూరాన్ని ఇంకా తగ్గించి బడి పెట్టాలని కేంద్ర నిబంధనల్లోనే ఉంది. జాతీయ రహదారి, రైలు పట్టాలు, వానాకాలంలో పొంగే వాగు అని తల్లిదండ్రులు చెప్పిన కారణాలన్నీ ఆ నిబంధన కిందికి వచ్చేవే. వాళ్లేమీ కొత్తగా కోరలేదు.

రవాణా ఖర్చు ఇస్తున్నారుగా అంటారు. సమగ్ర శిక్ష అనే కేంద్ర పథకం కింద దూరం వెళ్లే పిల్లలకు ఏడాదికి రూ.6,000 దాకా ఇవ్వచ్చు, అంటే పది నెలల బడికి నెలకు రూ.600. ఆ డబ్బు తల్లి ఖాతాలో ఎప్పుడు పడుతుందన్నది ఒక సంగతి. ఆ ఊళ్లో ఆటో తిరుగుతుందా అన్నది ఇంకో సంగతి.

మూడో తరగతి నుంచే సబ్జెక్టు టీచర్లు దొరుకుతారు, అది జాతీయ విద్యా విధానమే చెప్పింది అన్నది 2022లో బాగా పనిచేసిన వాదన. 2020 నాటి ఆ పత్రం తెరిస్తే కనిపించేది వేరు. 3 నుంచి 5 తరగతులు ప్రిపరేటరీ దశ. సబ్జెక్టు టీచర్లు వచ్చేది దాని తర్వాతి మిడిల్ దశలో, అంటే ఆరో తరగతి నుంచి. బడులను కలపడం గురించి కూడా అందులోనే ఉంది: చాలా ఆచితూచి చేయాలి, పిల్లలకు బడి అందుబాటు తగ్గదని తేలినప్పుడే చేయాలి. దానికి బదులు ఒక హైస్కూలు చుట్టూ ఉన్న చిన్న బడులను కాంప్లెక్సుగా చేసి ల్యాబు, లైబ్రరీ, టీచర్లను పంచుకోమంది. టీచరును కదిలించమంటే మనవాళ్లు పిల్లల్ని కదిలించారు!

పైగా హైస్కూల్లో ఉండే స్కూల్ అసిస్టెంట్లు, అంటే సబ్జెక్టు టీచర్లు, బీఈడీ చేసినవాళ్లు. చిన్నపిల్లలకు చెప్పే శిక్షణ డీఈడీ చేసిన ఎస్‌జీటీలది, అంటే ప్రాథమిక బడి టీచర్లది. ప్రాథమిక తరగతులకు బీఈడీ అర్హత సరిపోదని 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టే తేల్చింది. పదో తరగతికి లెక్కలు చెప్పే సారు మూడో తరగతిలో ఎక్కం చెబితే చదువు బాగుపడుతుందన్న నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందో నాకైతే తెలియదు. ఆ తరగతులను 2025లో తిరిగి ప్రాథమిక బడికే తేవాల్సి వచ్చింది.

ఈ మెసేజ్‌లో ఒక్క మాట మాత్రం నిజం. ఐదు తరగతులకు ఒక్క టీచరు ఉంటే చదువు సాగదు. ఆ టీచరు సెలవు పెడితే బడికి సెలవే. తరగతికో టీచరు అన్న ఆలోచన మంచిదే, తల్లిదండ్రులు దాన్ని కాదనడం లేదు. కానీ ఆ ఒక్క టీచరే ఎందుకున్నారు? విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం 60 మంది లోపు పిల్లలున్న ప్రాథమిక బడికైనా ఇద్దరు టీచర్లు ఉండాలి. రెండో పోస్టు నింపకుండా బడిని బలహీనం చేసి, బలహీనంగా ఉంది కాబట్టి కలిపేస్తున్నాం అంటే ఎలా?

"ఏ బడీ మూయలేదు" అనేది కాగితం మీద సరైనదే. 1, 2 తరగతులతో బోర్డు ఉంటుంది. కానీ రెండేళ్లలో ఎలాగూ మార్చాల్సిన బడిలో కొడుకును ఎవరు చేర్పిస్తారు? ఆ మార్పేదో ఇప్పుడే చేద్దామని అప్పో సప్పో చేసి కాన్వెంటు వ్యాను ఎక్కిస్తారు. మర్నాడు ఆ బడిలో పిల్లల సంఖ్య తగ్గిందని అధికారులు లెక్క చూపిస్తారు. మెసేజ్ ఎగతాళి చేసిన ఆ ఐదు కిలోమీటర్ల ప్రయాణం చాలా ఇళ్లలో ఇలాగే మొదలవుతుంది.

చివరిగా, ఇదంతా ప్రతిపక్షం ఆడించే ఆట అన్నది. 2022లో వైఎస్సార్సీపీ ప్రభుత్వం, 2025లో కూటమి ప్రభుత్వం. రెండుసార్లూ రోడ్డెక్కింది తల్లిదండ్రులే. ఉత్తరప్రదేశ్‌లో 2025లో 50 మంది లోపు పిల్లలున్న బడులను కలపబోతే విషయం అలహాబాద్ హైకోర్టుకు చేరింది. జూలై నెలాఖరుకు, కిలోమీటరు దాటే చోట కలపబోమని అక్కడి బీజేపీ ప్రభుత్వమే ప్రకటించింది. ఈ మూడింటి వెనకా ఉన్న ఆ ఒకే ప్రతిపక్షం ఏదో మెసేజ్ రాసినవాళ్లే చెప్పాలి.