పెరట్లో సిమెంటు పడవ: మావయ్యకీ మేనకోడలికీ వాదం

(శ్రీకాకుళంలో నాగావళికి దగ్గర్లో ఒక ఇంటి పెరడు. తడిపిన గోనెసంచుల కింద 18 అడుగుల కాంక్రీటు పడవ బోర్లించి ఉంది. చుట్టుపక్కల ఇంజనీరింగు కాలేజీల కాంక్రీటు పడవల పోటీ ఇంకో పదహారు రోజుల్లో. మేనకోడలు సివిల్ ఫైనలియర్, జట్టుకి కెప్టెన్. మావయ్య ముప్పై ఏళ్ళుగా తాపీమేస్త్రి. నేను ఆ జట్టులో తెడ్డు వేసేవాణ్ణి, నా మనసు ఎటో దాచను. అయినా ఆ సాయంత్రం మేస్త్రి అడిగిన కొన్నిటికి నా దగ్గర జవాబు లేదు.)

మావయ్య: తేల్తాదా లేదా అని నాను అడగను. ఇనప గమేళా నీళ్ళలో ఒదిలితే తేల్తాది, ఇదీ తేల్తాది. తేలి ఏటి సేత్తాది? కళింగపట్నంలో ఎవుడైనా దీన్నేసుకుని ఏటకెళ్తాడా?

మేనకోడలు: వెళ్ళడు. అందుకని చెయ్యలేదు మావయ్యా. 1848లో ఫ్రాన్సులో లాంబో అనే ఆయన ఇనప తీగల వలకి సిమెంటు మెత్తి పడవ కట్టాడు. ఇనుమూ సిమెంటూ కలిసి పనిచేస్తాయని చూపించిన తొలి వస్తువుల్లో అదొకటి. నువ్వు పోసే స్లాబూ ఆ వంశమే. అమెరికాలో సివిల్ ఇంజనీర్ల సంఘం 1988 నుంచి విద్యార్థులకి జాతీయ పోటీ పెడుతోంది. పందెం ఒక్కటే కాదు, డిజైను రాసి చూపించాలి, నలుగురి ముందు నిలబడి చెప్పాలి, పడవ పనితనానికీ మార్కులుంటాయి. మేమూ అదే పద్ధతి పెట్టుకున్నాం.

మావయ్య: గమేళా లాగే తేలితే దీనికి ఆరు నెలలెందుకే?

మేనకోడలు: గమేళాలో నీళ్ళు నిండితే?

మావయ్య: మునిగిపోతాది.

మేనకోడలు: ఇది మునగకూడదు. పడవ నిండా నీళ్ళు పోసి అడుక్కి నొక్కుతారు, దానంతటది పైకి రావాలి. మామూలు కాంక్రీటు ఘనపు మీటరు 2400 కేజీలు, నీళ్ళు 1000. మా కలుపు ఆ వెయ్యికి లోపే ఉంది. కంకర లేదు. థర్మల్ కేంద్రాల బూడిద చెరువుల్లో నీటి మీద తేలే బోలు గింజలు వేశాం, సీనోస్ఫియర్లంటారు. అరంగుళం మందంలో పడవంతా డెబ్బై కేజీల లోపే.

మావయ్య: అదిగో, నాననేదదే. ఆ గింజలు మన ఊరి సిమెంటు కొట్లో దొరుకుతాయేటి? లోపలేసిన ఆ గాజు మెష్ నాను ఏ ఇంటికేత్తాను? సముద్రం ఒడ్డున ఇళ్ళు సూడు. పదేళ్ళకే పెచ్చులూడి, ఊసలు తుప్పెక్కి బయటకొత్తన్నాయి. 2018లో తిత్లీ తుపాను వచ్చిన రాత్రి నాను పోసిన స్లాబు కింద ఇరవై మంది తలదాచుకున్నారు. ఇప్పుడా స్లాబుకే అడుగున సీలికలు. సదువుకున్నోళ్ళు దాన్ని సూడాల గానీ, సెరువులో ఆట కాదు.

(ఇంత సూటిగా అడిగితే మాలో ఎవరమూ నోరెత్తలేదు. తనే కాసేపు ఆగి, ఒక గోనెసంచి సరిచేసి అంది.)

మేనకోడలు: ఆ స్లాబు పోసినప్పుడు నీళ్ళెన్ని పోశావు?

మావయ్య: కొలిసేదేటుంది? కలుపు జారితే పని సాగుతాది. ఓనరూ పొయ్యమంటాడు, కూలోళ్ళూ పొయ్యమంటారు.

మేనకోడలు: ఎక్కువైన ఆ నీళ్ళు ఆరిపోయి సన్నటి దారులు మిగులుస్తాయి. ఉప్పు ఆ దారినే ఊస దాకా పోతుంది. ఊస తుప్పు పట్టి ఉబ్బుతుంది, పెచ్చు ఊడుతుంది. తడపడం ఎన్నాళ్ళు?

మావయ్య: మూడ్రోజులు. నాలుగోనాడు ఓనరు ట్యాంకరు మాన్పించేసినాడు.

మేనకోడలు: మామూలు సిమెంటుకి కనీసం ఏడు, బూడిద కలిసినదానికి పది రోజులని ఐఎస్ 456లో, అంటే కాంక్రీటు పనికి మన దేశం పెట్టుకున్న ప్రమాణంలో ఉంది. నేనది సెకండియర్లోనే బట్టీపట్టి పరీక్ష రాశాను. కానీ పొద్దున్నే లేచి 28 రోజులు గోనెసంచులు తడపడం ఈ పడవకే చేశాను. ఒక కలుపులో నీళ్ళు గ్లాసుడు ఎక్కువైతే మొత్తం పారేసి మళ్ళీ కలిపాం. స్లాబు తప్పు పదేళ్ళకి బయటపడుతుంది, అప్పటికి చేసినవాడు అక్కడుండడు. దీని తప్పు ఆ రోజే, అందరి ముందే.

మావయ్య: బాగానే సెప్పినావు. అయినా నానొప్పుకోను. రేపు సైటుకొచ్చి ఓనరుతో తగువాడి పదో రోజు దాకా తడిపిత్తే అప్పుడొప్పుకుంటాను.

మేనకోడలు: వస్తాను. నన్ను పిలవడం నీ వంతు.

(మావయ్య జవాబు చెప్పలేదు. వంగి సంచులు తీసి, తాపీ పిడితో పడవని ముక్కు నుంచి మెల్లగా తట్టుకుంటూ వచ్చాడు. టంగ్, టంగ్. మూడడుగుల దగ్గర చప్పుడు మారింది. వెనక్కొచ్చి మళ్ళీ తట్టాడు.)

మావయ్య: ఇక్కడ గుల్ల పలుకుతోంది. మెష్ ఎనక్కి కలుపు ఎల్లలేదు.

మేనకోడలు: అంతా చేత్తో నొక్కాం కదా!

మావయ్య: సెయ్యి సాలదు. సుద్దముక్క తే, గీత్తాను.

(అరచెయ్యంత సున్నా గీశాడు. తను దాని మీద వేలితో తట్టి విని, తల దించుకుంది.)

మేనకోడలు: పదహారు రోజులే ఉంది.

మావయ్య: ఈ రాత్రికే సెక్కేసి మెత్తుదాం. కలుపు ఉందేటి?

మేనకోడలు: ఉంది. సిమెంటు కేజీకి నీళ్ళు 400 మిల్లీలీటర్లు.

మావయ్య: కొలిసి తే. ఆ గ్లాసు ఇలా ఇయ్యి, గీత ఎక్కడుందో నానూ సూత్తాను.