శ్రీ సహేతుక దెబ్బ గారికి బహిరంగ లేఖ

అయ్యా,

నమస్కారం. మనది చిన్ననాటి పరిచయం. అప్పట్లో మిమ్మల్ని 'నాలుగు తగిలించడం' అనేవారు. కాస్త గట్టిగా పడితే దేహశుద్ధి, ఇంకా గట్టిగా పడితే బడితెపూజ. శుద్ధి, పూజ అన్నాక చేసేవాళ్లకు పుణ్యమే తప్ప పాపమెక్కడిది? కొన్ని దేశాల కోర్టుల్లో మీకు 'సహేతుక శిక్ష' అనే హోదా కూడా ఉందని, పిల్లల్ని కొట్టిన పెద్దలు ఆ పేరు చెప్పుకుని కేసు తప్పించుకోవచ్చని పెద్దయ్యాకే తెలిసింది.

మీ పుట్టుపూర్వోత్తరాలు కొంచెం చదివాను. 1860లో ఇంగ్లండ్‌లో ఒక మాస్టారు పదిహేనేళ్ల కుర్రాణ్ణి గంటల తరబడి కొట్టి చంపాడు. అది తప్పేనని తేల్చిన ఆ కేసులోనే జడ్జిగారు ఇంకో మాట కూడా సెలవిచ్చారు: తండ్రి గానీ మాస్టారు గానీ పిల్లవాణ్ణి దిద్దడానికి మితంగా, సహేతుకంగా కొట్టవచ్చట. ఆ మాట పట్టుకునే మీరు ఇన్నేళ్లు బతికారు. ఒక పిల్లాడి చావు కేసులో మీకు బారసాల జరిగిందన్నమాట.

మీ కొలతలు కూడా చూశాను. కెనడా సుప్రీంకోర్టు 2004లో మీకు పెద్ద జాబితానే రాసింది. రెండేళ్ల లోపు పిల్లల జోలికి వెళ్లకూడదు, పన్నెండు దాటినవాళ్ల జోలికీ వెళ్లకూడదు. బెల్టు, స్కేలు పట్టకూడదు. తల మీద కొట్టకూడదు. అన్నిటికంటే ముఖ్యం, కోపంలోనో చిరాకులోనో కొట్టిన దెబ్బ చెల్లదు.

ఇక్కడే నాకు మీ మీద అనుమానం మొదలైంది. కోపం రాకుండా పిల్లల్ని కొట్టినవాళ్లను మీరెప్పుడైనా చూశారా? స్నానం చేసి, స్థిమితపడి, పిల్లవాడి వయసు ఒకసారి సరిచూసుకుని, 'నాన్నా, ఇలా రా, సహేతుకంగా ఒకటి వేస్తాను' అన్న తండ్రి ఒక్కడు? అలాంటివాడు నిజంగా ఉంటే కోపిష్ఠివాళ్లకంటే వాడికే ఎక్కువ భయపడాలి.

నా సంగతే చెప్తాను. ఒక సాయంత్రం ఫోన్‌లో పై ఆఫీసర్ చేత చీవాట్లు తింటున్నాను. మా ఆరేళ్లవాడు పక్కన నిలబడి చొక్కా లాగుతూ అడిగిందే అడుగుతున్నాడు. వాడి మోచెయ్యి తగిలి గ్లాసు ఒలికి కాగితాలన్నీ తడిశాయి. చెయ్యి లేచింది. ఆ క్షణంలో మీరు వస్తారనే అనుకున్నాను సార్. మీ పేరు చెప్పుకుని ఇంకెవరో వచ్చారు. వాడి భుజం మీద మూడు వేళ్లు అచ్చు పడ్డాయి. ఆఫీసర్‌కి ఇవ్వాల్సిన జవాబు వాడి ఒంటి మీద పడింది.

ఇంగ్లండ్ లెక్కలో చర్మం కాసేపు ఎర్రబడి మామూలైపోతే మీరు సహేతుకులేనట. నేనూ గడియారం చూస్తూ కూర్చున్నాను. అరగంటలో మచ్చ పోయింది. పాసయ్యాను.

ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్ కలిసిన బ్రిటన్ ఒక్కదానిలోనే మీ పరిస్థితి ఎంత విచిత్రంగా ఉందో చూడండి. స్కాట్లండ్ 2020లో, వేల్స్ 2022లో మిమ్మల్ని వెళ్లగొట్టాయి. నేనిది రాసేనాటికి ఇంగ్లండ్‌లో మాత్రం ఉన్నారు. వెనకసీట్లో పిల్లలు కొట్టుకుంటుంటే డ్రైవింగ్ చేసే తండ్రి సరిహద్దు బోర్డు ఎక్కడుందో చూసుకుని చెయ్యెత్తాలి.

మీకు అభిమానులు తక్కువేం కాదు. న్యూజిలాండ్ 2007లో మీ రక్షణ తీసేస్తే, రెండేళ్లకు రిఫరెండంలో 87 శాతం మంది మీ వైపే ఓటేశారు. మంచి పెంపకంలో భాగంగా వేసే దెబ్బ నేరమా అన్నది అక్కడి ప్రశ్న. ప్రశ్నలోనే 'మంచి' అని పెట్టాక ఎవరు మాత్రం అవునంటారు? అయినా ప్రభుత్వం చట్టాన్ని మార్చలేదు. మా చుట్టాల్లోనూ మీకు ఓట్లున్నాయి. 'మేం తినలేదా దెబ్బలు, బాగుపడలేదా' అంటారు, నాలుగు మాటలకే గొంతు పెంచుతూ. 'మొక్కై వంగనిది మానై వంగునా' అని కూడా అంటారు. చెంప మీద కొట్టి మొక్కను వంచిన తోటమాలిని నేనైతే చూడలేదు.

కన్నవాళ్లను జైల్లో వేస్తారా అని అడిగేవాళ్లకు స్వీడన్ సంగతి చెప్పాలి. మిమ్మల్ని అందరికంటే ముందు, 1979లో సాగనంపింది ఆ దేశమే. ఆ నిబంధన పెట్టింది కుటుంబ చట్టంలో, దానికంటూ విడిగా శిక్షే లేదు. శ్రుతి మించితే దాడి కేసు అంతకుముందు నుంచే ఉంది. కొత్త చట్టం సంగతి పాల డబ్బాల మీద అచ్చేశారు, పొద్దున్నే ఇంటిల్లిపాదీ చదువుకోవడానికి. ఇప్పటికి 65కి పైగా దేశాలు అదే దారి పట్టాయి. మీరు చూస్తే ఇంకా మర్యాదస్తుణ్ణనే తిరుగుతున్నారు.

ఆ సాయంత్రం తర్వాత రెండ్రోజులకు మావాడు రంగుల పెట్టె కావాలన్నాడు. పై అరలో ఉంది. అందుకోవడానికి చెయ్యెత్తాను. వాడు కళ్లు గట్టిగా మూసుకుని, మెడ భుజాల్లోకి లాక్కున్నాడు. పెట్టె అడిగింది వాడే.

కాబట్టి అయ్యా, మీరు నిజంగా ఎక్కడైనా ఉంటే నాకొకసారి ముఖం చూపించండి. మావాడి దగ్గరికి మాత్రం వెళ్లి లాభం లేదు. చెయ్యి లేవగానే వాడు కళ్లు మూసేసుకుంటున్నాడు, వచ్చింది మీరో కాదో గుర్తుపట్టలేడు.

ఇట్లు,
చెయ్యి చేసుకున్న ఒక తండ్రి