'ఫుల్ యూనికోడ్ సపోర్ట్' గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ 'ఫుల్ యూనికోడ్ సపోర్ట్' గారి దివ్యసముఖానికి,

నమస్కారాలు. మీరు నన్ను ఎరగరు. పీడీఎఫ్‌లు తయారుచేయడానికి ఎవరో రాసిపెట్టిన ఓ కోడ్ లైబ్రరీ పరిచయ పత్రం, అదే రీడ్‌మీలో మూడో లైన్లో, పక్కన ఆకుపచ్చ టిక్కు పెట్టుకుని కూర్చుని ఉంటారు మీరు. ఆ టిక్కు చూసే నమ్మాను. మీ కింద నమూనాకి రష్యన్‌లో ఓ పలకరింపు, చైనీస్‌లో ఓ పలకరింపు, నవ్వు మొహం ఇమోజీ ఒకటి. ఇన్ని వచ్చినవారికి తెలుగు రాకుండా ఉంటుందా అనుకున్నా.

నిన్న శనివారం, పప్పులో నెయ్యి వేసుకుంటుండగా నరసరావుపేట నుంచి ఫోన్. ఎరువుల కొట్టాయన. ఆయన బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసిచ్చింది నేనే. "బాబూ, బిల్లు మీద అమ్మవారి పేరు విరిగిపోయింది. ఇట్టాంటిది రైతు చేతిలో ఎట్టా పెట్టమంటావ్?" అన్నారు. వెంటనే వాట్సాప్‌లో ఫొటో. కొట్టు పేరు 'శ్రీలక్ష్మీ'తో మొదలవుతుంది లెండి. అక్కడ శ ఒంటరిగా నిలబడి ఉంది. పొల్లు దాని నెత్తిన కాకుండా పక్కన గాల్లో వేలాడుతోంది. కిందకి వంగి క్రావడి కావాల్సిన ర, నిండు ర అయిపోయి దర్జాగా వరుసలో నుంచుంది. గుడిదీర్ఘానికి కూర్చోడానికి చోటు దొరక్క పక్కకి జారింది. ఇక లక్ష్మీ సంగతి నేను చెప్పను, కింద పడిన బొమ్మల కొలువు అనుకోండి.

స్క్రీన్ మీద మాత్రం అంతా చక్కగానే ఉంది! అచ్చుకి వెళ్తేనే ఈ అవతారం. కాబట్టి నేను చేయాల్సిన తప్పే చేశాను, ఫాంట్‌ని అనుమానించాను. గూగుల్ ఫాంట్స్‌లో మన కవుల పేర్లతో ఫాంట్లున్నాయి కదా. పెద్దనను పెట్టాను. విరిగింది. తిమ్మనను పెట్టాను. విరిగింది. ధూర్జటి, విరిగింది. తెనాలి రామకృష్ణ అయినా ఏదో ఒక చమత్కారం చేస్తాడనుకున్నా, ఆయనా చేతులెత్తేశాడు. చివరికి శ్రీకృష్ణదేవరాయల ఫాంట్‌ని దింపాను, భువనవిజయం మొత్తం వచ్చింది, కానీ ఒక్కరికీ ఒక్క శ్రీ రాయడం రాలేదు. అప్పటికి సాయంత్రం అయిదయింది. పప్పన్నం ఎండి పళ్ళేనికి అతుక్కుపోయింది.

తప్పు వాళ్ళది కాదు, మీది. అయినా మీరు అబద్ధం చెప్పలేదు, నాకు మండేది కూడా అక్కడే. యూనికోడ్ అంటే అక్షరాలకి నంబర్లివ్వడం. తెలుగుకి 0C00 నుంచి 0C7F దాకా 128 గళ్ళు. శ్రీ అంటే అందులోంచి నాలుగు నంబర్లు: శ, పొల్లు, ర, గుడిదీర్ఘం. ఈ నాలుగింటినీ కలిపి ఒక్క శ్రీగా దిద్దడం వేరే పని, దాన్ని షేపింగ్ అంటారు. ఆ పని చేసే హార్ఫ్‌బజ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది, క్రోమ్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో, ఆండ్రాయిడ్‌లో ఉన్నది అదే (పర్షియన్‌లో ఆ పేరుకి 'తెరిచిన అక్షరం' అని అర్థమట, బహిరంగ లేఖలో తలుచుకోదగ్గ పేరు). స్క్రీన్ మీద బాగుండటానికి కారణం అది. మీరేమో నంబరుకో బొమ్మ చొప్పున వరుసగా పేర్చి, నాలుగిచ్చావు నాలుగు పెట్టాను తీసుకో అన్నారు. రష్యన్‌కీ చైనీస్‌కీ అలా పేర్చితే చాలు. అందుకేగా నమూనాలో అవే పెట్టుకున్నారు!

మీ మీద ఇష్యూ, అంటే ఫిర్యాదు, వేద్దామని లైబ్రరీ పేజీకి వెళ్తే ఎప్పుడో వేసేశారు. కింద తమిళులు, కన్నడిగులు, బెంగాలీలు, అరబ్బీ రాసేవాళ్ళు, అందరూ బొటనవేళ్ళు ఎత్తి నిలబడి ఉన్నారు. ఒక బాట్ వచ్చి 'ఈ మధ్య కదలిక లేదు' అని మూసేసి వెళ్ళింది.

మీ బంధువర్గాన్ని కూడా అడిగానని చెప్పండి. 'లక్ష్మి'ని అయిదు నంబర్ల దగ్గర కత్తిరించి 'లక్ష్' అని మిగిల్చి చుక్కలు పెట్టే, మాటల్ని ముక్కలు కోసే ఫంక్షన్ సబ్‌స్ట్రింగ్ గారిని. మా పీడీఎఫ్ నుంచి కాపీ కొడితే పిచ్చిగీతలు ఇచ్చే పెద్దాయన్ని.

2018 ఫిబ్రవరి గుర్తుందా? ఒక్క 'జ్ఞా', మధ్యలో అక్షరాల్ని కలవనివ్వని, కంటికి కనిపించని నాన్‌జాయినర్ ఒకటి పెట్టి పంపితే ఐఫోన్‌లో యాప్‌లు కూలిపోయాయి. ఐఓఎస్ 11.2.6 వచ్చేదాకా సర్దుకోలేదు. ఆ వారం మా అక్షరం ప్రపంచమంతా వార్తే. అంటే ఏదన్నా కూలిస్తే తప్ప మేము కనబడమా నీకు? చూడు, మర్యాద ఇక చాలు. కోట్లమంది రాసుకునే లిపి ఇది, ఏ మూలో పడున్న వింత గుర్తు కాదు. చేతకాకపోతే చేతకాదని రాయి. 'కొన్ని లిపులు సరిగా రావు' అని ఒక్క ముక్క రాసి ఉంటే ఆ లైబ్రరీ మొహం చూసేవాణ్ణి కాదు, నా శనివారం నాకు మిగిలేది. ఆ 'ఫుల్' అన్న మాట ఎవడు పెట్టమన్నాడు నిన్ను?

రాత్రికి దారి దొరికింది. బిల్లుని వెబ్ పేజీగా తయారుచేసి, తెర వెనక ఎవరికీ కనిపించని బ్రౌజర్ కిటికీ ఒకటి తెరిచి, దానితోనే పీడీఎఫ్ తీయించాను. ఒక క్రావడిని దాని చోట కూర్చోబెట్టడానికి ఓ బ్రౌజర్ మొత్తం లేచి కూర్చుంది. వచ్చింది. శ్రీ శ్రీలాగే వచ్చింది, సంతోషంగా ఆయనకి ఫోన్ చేశాను.

"ఇంకా దాని మీదే ఉన్నావా బాబూ? నేను మధ్యాహ్నమే బజార్లో రబ్బరు స్టాంపు చేయించా. అరగంటలో ఇచ్చాడు, అచ్చం అమ్మవారి పేరే, ఎంత నిండుగా ఉందో. నువ్వొక పని చెయ్, బిల్లు పైన ఆ పేరు తీసేసి రెండంగుళాలు ఖాళీ వదిలెయ్. నేనే ముద్ర కొట్టుకుంటా."

వదిలేశానండీ. రెండంగుళాలు.

ఇట్లు,
ఎండిన పప్పన్నం తిన్న ఒక డెవలపర్