ఇంకో అర చుట్టు

హైదరాబాద్‌లో బండి మెకానిక్‌గా పుట్టిన ప్రతివాడి కుడి మణికట్టులోనూ దేవుడు ఒక టార్క్ రెంచి, అంటే ఎంత బిగించాలో కొలిచి చెప్పే పానా, పెట్టి పంపిస్తాడు. మొన్న శనివారం దాకా నాకీ సంగతి తెలియదు. నా యెజ్డీ బైకుకి స్పార్క్ ప్లగ్గు బిగిస్తూ మా గల్లీ చివరి ఉస్తాదే చెప్పాడు: "మీటర్ గీటర్ ఎందుకన్నా? చేతికి తెలుస్తది."

చేతికి తెలిసింది కూడా. ప్లగ్గు చక్కగా తిరిగి తిరిగి ఆగింది. ఆగిన చోట ఆగనిస్తే ఆయన ఉస్తాద్ ఎందుకవుతాడు? పానాకి మూరెడు ఇనప పైపు తొడిగి, "ఇంకో అర చుట్టు" అన్నాడు. అర చుట్టు తిరిగింది. తర్వాత ఇంకోటి, ఆ తర్వాత ఇంకోటి, మజ్జిగలో కవ్వం తిరిగినంత హాయిగా.

"చూడీ పోయింది" అన్నాడు, పొద్దున్నే కరెంటు పోయినట్టు. షెడ్డు భాషలో చూడీ అంటే మర. పోయింది అంటే తనంతట తానే పోయిందని. ఎవరో పోగొట్టారని చెప్పే వ్యాకరణం ఆ షెడ్డులో లేదు.

ప్లగ్గు ఉక్కు, అది దిగే ఇంజన్ హెడ్డు అల్యూమినియం. 14 మిల్లీమీటర్ల కన్నం, అర అంగుళం లోతు, చుట్టుకీ చుట్టుకీ మధ్య 1.25 మిల్లీమీటర్లు. లెక్కేస్తే లోపల ఉన్నవి పది చుట్లు. ఇంజన్‌లో నిమిషానికి వేలసార్లు అయ్యే పేలుళ్లకు ప్లగ్గు ఎగిరిపోకుండా పట్టుకునేది ఈ పదే. అందుకే కొత్త ప్లగ్గయితే చేత్తో ఆనేదాకా తిప్పి, పానాతో అర చుట్టు చాలంటారు. పాతదైతే పావు చుట్టు కూడా ఎక్కువే. వాషర్ నలగాలి, అంతే. ఉస్తాద్ కూడా అర చుట్టే అన్నాడు కదా అంటారా? ఆ అర చుట్టు ఆయన అంతకుముందే వేసేశాడు. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకని మనవాళ్లు ఊరికే అడగలేదు. గొడ్డలికి పైపు తొడుగుతారని మాత్రం వాళ్లూ ఊహించలేదు.

అప్పుడు సభ మొదలైంది. ఈ ఊళ్లో బండి హెడ్డు బయటపడితే చాలు, ఎక్కడెక్కడి మేధావులో వచ్చి చేరతారు. నల్లాలు రిపేర్ చేసే ఆయన ముందుగా లేచి టెఫ్లాన్ టేపు చుట్టమన్నాడు. నల్లాలో నీళ్లుంటాయి, ఇక్కడ నిప్పుంటుందన్నాను. "అయితే రెండు చుట్లు ఎక్కువ చుట్టు" అన్నాడు. పంక్చర్ షాపాయన ఎం-సీల్ పక్షం. కూల్‌డ్రింక్ డబ్బా కత్తిరించి ఆ రేకు దూర్చమని మూడో ప్రతిపాదన. అది చేసినవాడు నిన్ననే బండి నేర్చుకున్నాడట. చివరికి ఆటో అన్న గొంతు సవరించుకుని, "రాగి తీగ ఒక చుట్టు పెట్టి ప్లగ్గు తిప్పండి, పట్టుకుంటది" అన్నాడు. అందరూ నవ్వారు.

నవ్వాల్సింది కాదు. ఆ సభలో సత్యానికి దగ్గరగా వచ్చింది ఆయనొక్కడే. అసలు మందు పేరు హెలికాయిల్, అదీ తీగ చుట్టే. స్టెయిన్‌లెస్ స్టీలు తీగ, అడ్డంగా కోస్తే డైమండ్ ఆకారం, స్ప్రింగులా ఉంటుంది. పాడైన కన్నాన్ని కాస్త పెద్దగా డ్రిల్లు చేసి, దాని కొలతకే చేసిన టాప్‌తో, అంటే మర కోసే పనిముట్టుతో, కొత్త మర కోసి, ఈ స్ప్రింగుని అందులోకి తిప్పుతారు. లోపల మళ్లీ అదే 14 మిల్లీమీటర్లు, అదే పాత ప్లగ్గు. ఇప్పుడు మర ఉక్కుది కాబట్టి మునుపటికంటే గట్టిది. విమానాల అల్యూమినియం భాగాలకైతే ఇది కొత్తలోనే వేస్తారు, చెడిపోయేదాకా ఆగరు.

సభ మాత్రం ఎం-సీల్‌ని ఏకగ్రీవంగా ఆమోదించింది. పైన సిల్వర్ పెయింటు కూడా పూశారు, నేరం జరిగిన చోట ముగ్గేసినట్టు.

ఆదివారం పొద్దున ట్యాంక్‌బండ్ మీద, సరిగ్గా వేమన విగ్రహం దగ్గర, టప్ మంది. ప్లగ్గు ఎగిరి పెట్రోల్ ట్యాంకు అడుగున కొట్టుకుని, వైరుకి వేలాడింది. వేమన ఏమీ అనలేదు. ఆయన అనాల్సినవన్నీ అనేసి చాలా కాలమైంది.

బండి తోసుకుంటూ షెడ్డుకి వెళ్లాను. ఉస్తాద్ ప్లగ్గు చూశాడు, కన్నం చూశాడు, తర్వాత పక్కన టైరు విప్పుతున్న కుర్రాణ్ని చూశాడు. "వీడే వంకరగా పెట్టిండు" అని వాడి నెత్తిన ఒక్కటి కొట్టాడు.

వాడు ఆ ప్లగ్గు ముట్టుకోనేలేదు. పైపు తొడిగిన నిమిషంలో వాడు నా ఛాయ్ కోసం రోడ్డు దాటుతున్నాడు! సిగ్గులేని చెయ్యి అది. మర చెడగొట్టిందీ అదే, పిల్లవాణ్ని కొట్టిందీ అదే. ఆ చేతికి ఏం తెలుసు, బొందా? ఇదే ఊళ్లో 1970లో పెట్టిన భారత్ డైనమిక్స్ క్షిపణులు చేస్తోంది. పనిముట్లు ఎలా తయారు చేయాలో నేర్పడానికి బాలానగర్‌లో 1968 నుంచి ఒక సంస్థే ఉంది. ఆ షెడ్డులో ఆ కుర్రాడు నేర్చుకునేది మాత్రం రెండే: పైపు తొడగడం, తప్పు కిందివాడి మీద వెయ్యడం. రేపు వాడూ ఉస్తాద్ అవుతాడు, వాడి కిందా ఒకడుంటాడు. ఇక నేనేం చేశానంటారా? నోరు మూసుకుని నిలబడ్డాను. నాకు బండి కావాలి కదా.

రాణిగంజ్‌లో మూడు దుకాణాలు తిరిగితే కిట్ దొరికింది. హెడ్డు విప్పేసి ఇంట్లోనే చేసుకున్నాను, ఎందుకంటే విప్పకుండా టాప్ కొడితే అల్యూమినియం రజను సిలిండర్లోకి పోతుంది. టాప్ గాడుల్లో గ్రీజు, ఒక చుట్టు ముందుకి, అర చుట్టు వెనక్కి. అర చుట్టు పనికొచ్చే చోటు కూడా ఉందన్నమాట, కాకపోతే వెనక్కి. స్ప్రింగు అంచు లోపలికి దిగాక దాన్ని తిప్పడానికి ఉండే కింది కొక్కెం విరిచి తీశాను. మొత్తం గంటన్నర. ఈ యెజ్డీలు చేసిన మైసూరు కార్ఖానా 1996లోనే మూతపడింది. ఈ హెడ్డు పోతే నాకు అసలుది ఇంకోటి ఎవరిస్తారు?

పాత బుల్లెట్ వాళ్ల బాధ వేరే. అక్కడ పావు అంగుళం బోల్టు పోతే 6 మిల్లీమీటర్లది పెడతారు. పావు అంగుళం అంటే 6.35. చుట్ల దూరం దాదాపు కలుస్తుంది కాబట్టి అది దూరుతుంది కూడా. వదులుగా కూర్చుంటుంది, ఉస్తాద్ వచ్చి పైపు తొడిగేదాకా.

నిన్న రాత్రి ఆయనే ఫోన్ చేశాడు. "అన్నా, ఇంకో యెజ్డీ వచ్చింది, దానికి గూడ చూడీ పోయింది. నీ స్ప్రింగు డబ్బా ఒక్క పూటకి ఇస్తవా? బిగించనీకి పైపు మన దగ్గర ఉంది."