గెడ్డ దోమకు చలికాలమే అదను

వానలు తగ్గితే మలేరియా కూడా తగ్గినట్టేనని మనలో చాలామంది లెక్క. ఒడిశాలోని రాయగడ, కోరాపుట్, మల్కన్‌గిరి కొండల్లో ఆ లెక్క తప్పుతుంది.

ఇక్కడ మలేరియాను మోసేవి ముఖ్యంగా రెండు అనాఫిలస్ దోమలు. క్యూలిసిఫేసిస్ వాన గుంటల్లో, వరి మళ్లలో పెరుగుతుంది. దానికి మనిషి కంటే పశువు రక్తమే ఇష్టం. ఫ్లువియాటిలిస్, అదే గెడ్డ దోమ, దారి వేరు. గెడ్డల్లో, అంటే కొండవాగుల్లో, నెమ్మదిగా పారే తేట నీట, గట్టు గడ్డి అంచున గుడ్లు పెడుతుంది. వరద పారినప్పుడు దాని పిల్లలు కొట్టుకుపోతాయి, అందుకే వానలు వెళ్లి చలి మొదలయ్యాక విజృంభిస్తుంది. ఇందులోనూ ఓ తిరకాసుంది. ఫ్లువియాటిలిస్ అంటే ఒకే దోమ కాదు, సూక్ష్మదర్శినిలో చూసినా తేడా తెలియని కవల జాతులు. టీ రకం పశువుల వెంట పోతుంది. ఎస్ రకం మనిషినే వెతుక్కుంటుంది, కుట్టాక మనం పడుకున్న ఇంట్లోనే గోడ మీద వాలుతుంది. ఒడిశా కొండల్లో అసలు ముప్పు ఈ ఎస్ రకంతోనే.

కుట్టేది ఆడదోమే. దాని ఒంట్లోకి చేరిన మలేరియా క్రిమి ఎదిగి, మరొకరికి అంటుకునే దశకు రావడానికి పది రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. అంటే వయసు మళ్లిన దోమతోనే ప్రమాదం. దోమలన్నిటినీ తుడిచిపెట్టలేకపోయినా, వాటిని అంతకాలం బతకనివ్వకపోతే చాలు. మందు పట్టించిన దోమతెర, ఇంటి లోపలి గోడలకు కొట్టే మందు చేసేది ఆ పనే. వీధిలో కొట్టే పొగ ఫోటోల్లో బాగానే కనిపిస్తుంది కానీ, ఇంట్లో నక్కిన ఈ దోమను పెద్దగా ఏమీ చేయదు.

ఒడిశా ప్రభుత్వం 2017లో మొదలుపెట్టిన 'దమన్' కార్యక్రమాన్ని మెచ్చుకోవాలి. మారుమూల ఊళ్లలో జ్వరం లేనివారికీ రక్తపరీక్ష చేసి మందులిచ్చారు. దోమతెరలూ తోడయ్యాయి. ఆ ఏడాది దాదాపు 3.5 లక్షలున్న కేసులు 2018లో 66 వేలకు దిగాయి.

మిగిలిన పని గోడలకు మందు కొట్టే తేదీల దగ్గర ఆగుతోంది. పండగలకు ఇళ్లను మట్టితో, పేడతో అలుకుతారు. గోడకు కొట్టిన మందు ఆ పూత కింద పడి పనికిరాకుండా పోతుంది. తప్పు ఇల్లాలిది కాదు, ఊరిని అడగకుండా తేదీ వేసినవారిది. సంక్రాంతికి, పుష్య మాసంలో ఆదివాసులు చేసుకునే పుష్ పరబ్‌కి గోడలు ఎప్పుడు అలుకుతారో ఆశా కార్యకర్తలకు తెలుసు. వాళ్లనడిగి, అలికాకే మందు కొట్టించాలి.

గెడ్డ దోమ జోరుమీదున్న ఆ నెలల్లోనే మల్కన్‌గిరి పల్లెల నుంచి కూలీలు మిరప కోతలకు ఇటు తెలంగాణకు, ఆంధ్రకు వస్తారు. ఒంట్లో క్రిమి ఉన్నా జ్వరం లేకుండా తిరిగేవారు వాళ్లలో ఉండొచ్చు. అలాంటి మనిషి హద్దు దాటితే ఏ రాష్ట్రం రిజిస్టర్‌కీ ఎక్కడు. కాబట్టి కూలీల బండ్లు బయలుదేరే చోటే పరీక్ష జరగాలి, మల్కన్‌గిరి జిల్లాలో ఆంధ్ర సరిహద్దున ఉన్న మోటు దగ్గర శిబిరం పెడితే మరీ మంచిది. చేతికిచ్చే చీటీ ఒడియాలోనూ తెలుగులోనూ ఉండాలి, దాని నకలు అదే రోజు ఆంధ్ర వైపున్న చింతూరు వైద్యులకు అందాలి.