లెనిన్ బొమ్మ రూబుల్‌కి 20 లక్షలా?

పదో తరగతి బ్యాచ్ గ్రూపులో ముగ్గురు, అపార్ట్‌మెంట్ గ్రూపులో ఇద్దరు, నిన్న పొద్దున్నే మా మేనమామ. అందరూ పంపింది ఒకటే మెసేజ్. "మీ ఇంట్లో లెనిన్ బొమ్మ రూబుల్ ఉందా? అందులో ప్లాటినం ఉంది. రష్యా ప్రభుత్వం 20 లక్షలకు తిరిగి కొంటోంది. చింతపండుతో తోమి ఫోటో పంపండి. రిజిస్ట్రేషన్ 1,850 మాత్రమే. ఎంత పాతదైతే అంత ధర. చిల్లర దాచుకున్న రష్యన్లు రాత్రికి రాత్రే ధనవంతులయ్యారు."

నాకు నాణేల పిచ్చి ఉందని అందరికీ తెలుసు కాబట్టి "నిజమేనా?" అని నన్నే అడుగుతున్నారు. ఒక్కసారే రాస్తున్నా.

ప్లాటినం సంగతి. రష్యా ప్లాటినం నాణేలు చలామణీలో పెట్టిన మాట వాస్తవం. ఉరల్ గనుల్లో దొరికిన లోహంతో 1828 నుంచి 1845 దాకా 3, 6, 12 రూబుళ్ళవి ముద్రించారు. అప్పట్లో ప్లాటినం బంగారం కన్నా చవక. వాటి మీద ఉండేది రెండు తలల గద్ద. లెనిన్ ఉండే అవకాశం లేదు, ఎందుకంటే ఆ ముద్రణ ఆగిపోయిన పాతికేళ్ళకు గానీ ఆయన పుట్టలేదు! మీ బీరువాలో ఉన్నది ఆయన శతజయంతికి 1970లో వేసిన రూబుల్. రాగి, నికెల్, జింకు కలిపిన లోహం. వేసింది పది కోట్లు. విశాఖ ఉక్కు కట్టేటప్పుడు సోవియట్ ఇంజినీరు ఇచ్చాడనో, రష్యాలో మెడిసిన్ చదివిన పెదనాన్న కొడుకు తెచ్చాడనో మన వైపు కూడా కొన్ని ఇళ్ళలో ఉంది. అందమైన నాణెమే. ధర మాత్రం వందల్లోనే.

ఎంత పాతదైతే అంత ధర? రష్యా పీటర్ చక్రవర్తి కాలపు వెండి కోపెక్ (రూబుల్‌లో నూరో వంతు) ఉంటుంది. తీగ ముక్కని సుత్తితో చితక్కొట్టి అచ్చేసింది, చేప పొలుసంత. మూడు వందల ఏళ్ళు దాటినా కొన్ని వందల రూబుళ్ళకే దొరుకుతుంది. అయిపోయింది, తర్వాతది.

చింతపండు. దీని గురించి ప్రశాంతంగా రాయలేను. రష్యా మహారాణి రెండో కేథరిన్ కాలపు రాగి ఐదు కోపెక్కులు నా దగ్గర ఒకటి ఉండేది. యాభై గ్రాముల బరువు, అరచేతిలో పెట్టుకుంటే చెయ్యి వంగేది. రెండు శతాబ్దాలు పట్టి తేరిన ముదురు చాక్లెట్ రంగు. ఈ మెసేజ్ చదివిన మా బావమరిది నేను ఊళ్ళో లేనప్పుడు దాన్ని మెరిసేదాకా తోమిపెట్టాడు. "బావా, కొత్తదానిలా ఉంది చూడు!" ఉంది. పూజగదిలో హారతి పళ్ళెంలా ఉంది. ఆ పాత రంగు పోతే కొనేవాడు మొహం కూడా చూడడు.

ఇక అసలు విషం: "ప్రభుత్వం తిరిగి కొంటోంది." ఏ ప్రభుత్వం? 1650ల్లో వెండి కోపెక్‌తో సమానమని రాగి కోపెక్ వదిలి, జీతాలు రాగిలో ఇచ్చి, పన్నులు మాత్రం వెండిలో వసూలు చేసి, 1662లో మాస్కోలో తిరుగుబాటు తెచ్చుకున్న ఖజానాయేనా? 1991 జనవరిలో ఒక సాయంత్రం టీవీలో చెప్పి 50, 100 రూబుళ్ళ నోట్లు రద్దు చేసి, మార్చుకోవడానికి సొంత జనానికి మూడు రోజులిచ్చింది. 1993లో సోవియట్ నోట్లన్నీ ఉపసంహరించారు. 1998లో రూబుల్ మీద మూడు సున్నాలు కొట్టేశారు. సొంత పింఛనుదారుల దాచుకున్న డబ్బే కరిగిపోతే చూస్తూ ఊరుకున్నవాళ్ళు, గుంటూరులో మీ ట్రంకుపెట్టెలో ఉన్న ఒక్క రూబుల్ కోసం 20 లక్షలు పట్టుకుని కూర్చున్నారట. పైగా మీ 1,850 అందితే తప్ప కదలరట!

ఆ 1,850 ఎవరి ఖాతాలోకి పోతుందో చెప్పాలా? కట్టాక "జీఎస్టీ" అంటారు, తర్వాత "కస్టమ్స్" అంటారు. పాత నాణేలు, నోట్లు కొంటామంటూ తమ పేరుతో ఫీజులు వసూలు చేస్తున్నారని, తాము ఇలాంటి వ్యవహారాలు చూడమని, ఎవరికీ ఆ అధికారం ఇవ్వలేదని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రకటించింది. అది మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చేయరు.

చివరి ముక్క, చిల్లర దాచుకున్నవాళ్ళు ధనవంతులయ్యారన్నది. దీన్నీ తిట్టేద్దామనే కూర్చున్నా. కానీ ఇందులో నిజం ఉంది. 1961లో పది పాత రూబుళ్ళకు ఒక కొత్త రూబుల్ లెక్కన అన్నీ మార్చారు, 1, 2, 3 కోపెక్కుల నాణేలు తప్ప. అవి అదే ముఖవిలువతో చెల్లాయి. అంటే డబ్బా నిండా చిల్లర పోగేసినవాడి సొమ్ము ఒక్క రాత్రిలో పదింతలైంది. ధనవంతుడు అనేంత కాదు గానీ, ఒప్పుకుంటున్నా.

ఆ మార్పు కోసమే ముందుగా 1958 తేదీతో నాణేలు వేసి, బయటికి వదలకుండా చాలావరకు కరిగించేశారు. మిగిలినవి కొన్నే, వాటికి మాత్రం నిజంగానే పెద్ద ధర పలుకుతుంది. నకిలీలూ బోలెడు. మీ పెట్టెలో కోపెక్ మీద 1958 కనిపిస్తే నాకు ఫోటో పంపండి. తోమకుండా.