మామ్మ పాస్‌బుక్‌లో మూడు 295లు

మొన్న సోమవారం మా వీధి మామ్మని బ్యాంకుకి తీసుకెళ్ళాను. మాది ఒడిశాలోని పర్లాకిమిడి. హైదరాబాద్‌లో ఉన్న కొడుకు బీపీ మందులకని 2,000 వేశాడు. తీద్దామంటే అందులో సగానికి కాస్త పైన మాత్రమే మిగిలి ఉంది. పాస్‌బుక్ ప్రింట్ చేయిస్తే ఒకే తారీఖు కింద మూడు వరసలు కనిపించాయి. 295, 295, 295. మొత్తం 885.

ఏంటివి అని కౌంటర్‌లో అడిగితే, మాండేట్ బౌన్స్ ఛార్జీలన్నారు. మాండేట్ అంటే నెలనెలా ఖాతాలోంచి ఇంత తీసుకోమని ముందే రాసిచ్చే అనుమతి. తీసే రోజు ఖాతాలో డబ్బు లేకపోతే అది బౌన్స్. ఒక్కో బౌన్స్‌కి 250, దాని మీద 18 శాతం జీఎస్టీ. మూడు నెలలుగా ఖాతాలో డబ్బు లేక బాకీ పడి ఉన్నాయట. కొడుకు డబ్బు పడగానే కోసేసుకున్నారు. మాండేట్ దేనికంటే మా చర్చి సంఘం కానుకకి, నెలకి 200. చర్చిని మేం గుడి అనే అంటాం.

మామ్మకి ఇదంతా తెలుగులో చెప్తుంటే సగంలోనే ఆపేసింది. "పోన్లే పాపా, గుడికే కదా ఎల్లింది" అంది.

నాకు నోరు పెగల్లేదు. గుడికి ఒక్క రూపాయి కూడా చేరలేదు. ఆవిడ మందుల డబ్బు పోయింది, సంఘానికి కానుకా రాలేదు. మూడు నెలలు సక్రమంగా ఇచ్చి ఉంటే అయ్యేది 600. ఇవ్వలేకపోయినందుకు 885 పోయింది.

అసలు ఆ కాగితం మీద సంతకం ఎలా పడిందో నాకు గుర్తుంది. ఆ ఆదివారం నేనూ అక్కడే ఉన్నాను. ఆరాధన అయ్యాక ఎవరూ లేవకముందే యూత్ పిల్లలు ఫారాలు పంచారు. "అకౌంట్ నంబర్ రాసి ఇక్కడ సంతకం పెట్టండి, మిగతాది మేం చూసుకుంటాం" అన్నారు. పక్కావిడ పెడితే ఈవిడ పెట్టింది. దేవుడి పనికి కాగితం ఇస్తే వద్దనే మనిషి కాదు మామ్మ. ఫారం అంతా ఇంగ్లీషులో ఉంది. బ్యాంకు వాళ్ళు నాచ్ అనే ఆ మాండేట్‌లో ఎంత తీయాలి, ఎప్పుడు తీయాలి, ఎంతకాలం తీయాలి అన్నీ ఉంటాయి. ఖచ్చితంగా ఇంతేనా, లేక ఇంత వరకు ఎంతైనా తీయొచ్చా అని రెండు గడులుంటాయి. ఏ గడిలో టిక్ పెడితే ఏమవుతుందో ఆ రోజు ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. ఆ తప్పు నాది కూడా.

గిడుగు రామమూర్తి గారు బడిపంతులుగా బతికిన ఊరు మాది. జనం మాట్లాడే భాషలోనే చదువు ఉండాలని, రాత ఉండాలని ఆయన ఇక్కడి నుంచే పోరాడారు. సవర గిరిజనుల కోసం వాళ్ళ సవర భాషలో వాచకాలు రాశారు. 1936లో మా ఊరు ఒడిశాలో కలిశాక ఆయన రాజమండ్రి వెళ్ళిపోయారు, మేం ఉండిపోయాం. బ్యాంకులో ఒడియా, ఫారంలో ఇంగ్లీషు మాకు అలవాటే. కానీ గుడిలో పాట తెలుగు, ప్రార్థన తెలుగు, ప్రసంగం తెలుగు. డబ్బు తీసుకునే కాగితం దగ్గరికి వచ్చేసరికి తెలుగు ఏమైపోయింది?

నేను ఆన్‌లైన్ కానుకలకి వ్యతిరేకిని కాదు. నాది నెల జీతం. ప్రతి నెలా రెండో తారీఖున నా ఫోన్‌లో ఆటోపే ద్వారా 500 వెళ్తుంది. ఒక రోజు ముందే మెసేజ్ వస్తుంది, వద్దనుకుంటే యాప్‌లో నేనే ఆపుకోగలను. 2020లో లాక్‌డౌన్‌లో గుడి తలుపులు మూసినప్పుడు మా పాస్టరు అయ్యగారి ఇంట్లో పొయ్యి వెలిగింది ఈ ఫోన్ డబ్బులతోనే. మన పిల్లలు సూరత్‌లో, హైదరాబాద్‌లో, విశాఖలో ఉన్నారు. వాళ్ళు సొంత సంఘాన్ని మర్చిపోకుండా ఇస్తున్నారంటే అది యూపీఐ చలవే. ట్రెజరర్ గారి టెన్షన్ కూడా నాకు తెలుసు. కరెంటు బిల్లు, అయ్యగారి జీతం తారీఖు తప్పవు. వాన పడితే ఆదివారం సంచి సగం ఖాళీ. నెలనెలా ఇంత వస్తుందని తెలిస్తే ఆయనకి నిద్ర పడుతుంది.

అయితే ఆ నిద్ర కోసం ఎవరి ఖాతాకి తాళం వేస్తున్నామో చూసుకోవాలి కదా. మామ్మకి వచ్చేది ఒడిశా ప్రభుత్వం ముసలివాళ్ళకిచ్చే మధుబాబు పెన్షన్. అది పదిహేనో తారీఖున చేతికి నగదుగా వస్తుంది, ఖాతాలో పడదు. మాండేట్ తారీఖు అయిదు. అయిదో తారీఖున ఆవిడ ఖాతాలో ఏముంటుందని తీస్తారు? కూలికి వెళ్ళేవాళ్ళు, రోడ్డు మీద కూరలమ్మేవాళ్ళు, ఇళ్ళలో పనిచేసేవాళ్ళు మన సంఘంలో ఎంతమంది లేరు! కొరింథు సంఘానికి పౌలు రాసిన మాట మనకి కంఠతా వచ్చు: ఎవరు వర్ధిల్లిన కొలది వాళ్ళు తీసి పెట్టమన్నాడు. ఈ వారం పని దొరికిందా, జ్వరమొచ్చి మంచం పట్టారా అన్నది మాండేట్‌కి తెలియదు.

మామ్మ ఇవ్వని మనిషి కాదు. ఆవిడ వంటింట్లో ఎసరు పక్కన మూత ఊడిన పాల డబ్బా ఉంటుంది. బియ్యం కడిగే ముందు ఒక గుప్పెడు తీసి అందులో వేస్తుంది. ఇద్దరికి వండినా వేస్తుంది, ఒక్కదానికే వండుకున్నా వేస్తుంది. గింజ కింద పడితే ఏరి మళ్ళీ డబ్బాలోనే వేస్తుంది. నెలాఖరుకి గుడ్డ సంచిలో మూట కట్టి పాస్టరమ్మగారికి అందిస్తుంది. గుప్పెడు బియ్యం మా నానమ్మ నాటి నుంచి నేను చూస్తున్న కానుక. వండుకున్న రోజే తీస్తారు, కాబట్టి పస్తున్న రోజు ఎవరూ బాకీ పడరు. బౌన్స్ అనే మాటే లేదు అందులో.

ఇంకొకటి కూడా చెప్పాలి. మాండేట్ ఇచ్చినవాళ్ళ పేర్లు నోటీసు బోర్డు మీద పెట్టారు. ఎవరి పేరు ఉంది, ఎవరిది లేదు అని జనం నిలబడి చదువుతున్నారు. కానుక పెట్టె దగ్గర యేసు ప్రభువు కూర్చుని చూసి మెచ్చుకున్నది రెండు కాసులు వేసిన విధవరాలిని. ఆ బోర్డు మీద ఆవిడ పేరు ఎక్కడ రాస్తారు? దయచేసి తీసేయండి.

ఇంట్లో మా చిన్నది కూడా అడిగింది, కానుక సంచి వస్తే మనం ఏమీ వెయ్యకుండా పక్కకి ఇచ్చేస్తున్నామేంటమ్మా అని. ఫోన్‌లో వెళ్ళిపోయిందని చెప్తే దానికి అర్థం కాలేదు. అప్పటి నుంచి దాని చేతికి పది రూపాయలిచ్చి వేయిస్తున్నాను.

మామ్మ మాండేట్ రద్దుకి ఆ రోజే బ్యాంకులో కాగితం రాసి ఇచ్చాం. వచ్చే ఆదివారం కమిటీ ఉంది. ఫారం తెలుగులో ఉండాలని, ఇంటికి తీసుకెళ్ళి పిల్లలకి చూపించాకే సంతకం పెట్టించాలని, తారీఖు ఇచ్చేవాళ్ళే చెప్పాలని, నెల జీతం లేనివాళ్ళని అసలు అడగొద్దని అక్కడ నిలబడి అడుగుతాను. ఇప్పటికే సంతకాలు పెట్టినవాళ్ళ పాస్‌బుక్‌లు ఒకసారి చూడమని కూడా అడుగుతాను. కానీ మొదట అడిగేది మామ్మ 885 రూపాయల గురించే. ఆవిడ మందులు ఈ గురువారానికి అయిపోతాయి.